ఊళ్ళోకి వచ్చే డాక్టరు: ఫ్యామిలీ డాక్టర్ విధానంలో బలమెక్కడ, లోపమెక్కడ

అమ్మా, బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి సోంపేట వైపు ఒక విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే ఆ క్లినిక్‌ని నడిపే ఆరోగ్య అధికారిగా, చేరబోతున్నానని రాశారు. "బీపీ బిళ్ళలు పంచడానికి ఇంత చదువెందుకని మా మావయ్య అంటున్నాడు. ఈ ఫ్యామిలీ డాక్టర్ పథకంలో నిజంగా మంచి ఉందా, లోపాలేమిటి, ఉన్నదున్నట్టు చెప్పండి" అని అడిగారు. నేను 27 ఏళ్ళు శ్రీకాకుళం జిల్లా పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) డాక్టరుగా పనిచేశాను. అందులో పదకొండేళ్ళు కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానంలోనే. 2023 చివర్లో రిటైరయ్యాను కాబట్టి ఈ పథకం మొదటి ఏడాది, ఊళ్ళకి వైద్యం తీసుకెళ్ళే 104 బండిలో నేనూ తిరిగాను. చూసిందే చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటిని ఎరిగిన మనిషి ఊళ్ళోనే ఉండటం ఈ పథకానికి బలం. ఆ మనిషికి పైనుంచి కబురు తిరిగి రాకపోవడం దీని పెద్ద లోపం. ఊరి నుంచి పీహెచ్‌సీకి, అక్కడి నుంచి టెక్కలికి, శ్రీకాకుళానికి, విశాఖకి రోగిని పంపించడం మనకి బాగా అలవాటైంది. ఆ రోగి ఇంటికొచ్చాక ఏ మందు వాడాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది మాత్రం ఆ ఊరి ఏఎన్ఎంకి, అంటే ఊరి నర్సమ్మకి, ఎవరూ చెప్పరు. మిగతా లోపాలు చాలావరకు డబ్బు పెడితేనో, మనుషుల్ని పెంచితేనో తీరతాయి. ఇది అలా తీరేది కాదు.

పథకం ఎలా నడుస్తుందో మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, చదివే మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. 2022 అక్టోబరులో ప్రయోగంగా మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 6 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతా అమలు చేశారు. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఓపీ చూస్తుంటే ఇంకొకరు 104 బండిలో ఊళ్ళకి వెళ్తారు. ఒక్కో విలేజ్ క్లినిక్‌కి నెలకి రెండుసార్లు. పొద్దున ఓపీ, మధ్యాహ్నం మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి, బడికి, అంగన్‌వాడీకి వెళ్ళడం. డాక్టరు రాని రోజుల్లో క్లినిక్ నడిపేది మీరు, మీతోపాటు ఏఎన్ఎం, ఆశాలు (ఊరి ఆరోగ్య కార్యకర్తలు). ఇందులో చాలా భాగం కొత్తది కాదు. ఆశాలు 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చారు. 104 బండ్లు మన రాష్ట్రంలో 2008 నుంచి ఉన్నాయి. ఊళ్ళలోని ఆరోగ్య ఉపకేంద్రాల్ని (సబ్‌సెంటర్లని) వెల్‌నెస్ సెంటర్లు చేయడం 2018లో దేశమంతా మొదలైంది. ఇప్పుడు వాటినే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలంటున్నారు. బోర్డు మీద పేరు మారినప్పుడల్లా ఊళ్ళోవాళ్ళు "పాతది ఎత్తేశారా?" అని అడుగుతారు. పని అదేనని ఓపిగ్గా చెప్పండి.

ఇక బలం సంగతి. ఒకరోజు బండి దగ్గర ఒక పెద్దాయనకి బీపీ చూస్తే 190 ఉంది. బిళ్ళలు వేసుకుంటున్నావా అంటే రోజూ వేసుకుంటున్నానన్నాడు. షీటులో బిళ్ళలు కూడా లెక్క ప్రకారం తగ్గుతున్నాయి. నేను ఇంకో మందు కలిపి రాయబోతుంటే ఆశా కార్యకర్త నా పక్కకొచ్చి మెల్లగా అంది: "బాబూ, ఈయన బిళ్ళ సగం ఇరిసి ఆయమ్మకి ఎడతన్నాడు. ఆయమ్మ మంచం మీదుంది, ఇక్కడికి రాలేదు గదా." ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి చూశాం. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయిన మనిషి. ఆవిడ పేరు మీద కార్డే లేదు. ఇద్దరికీ విడివిడిగా మందులు రాసి, ఆవిడ బిళ్ళలు నెలనెలా ఇంటికే అందేలా చేశాం. పెద్దాయన బీపీ పాత మందుతోనే అదుపులోకి వచ్చింది. ఆ ఆశా లేకపోతే నేను రెండో మందు రాసేవాణ్ణి. అది కూడా ఆయన సగం విరిచి భార్యకే పెట్టేవాడు. పెద్దాసుపత్రిలో ఎంత గొప్ప డాక్టరైనా ఈ సంగతి కనిపెట్టలేడు.

ఉద్దానంలో దీని విలువ ఇంకా ఎక్కువ. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు తొంభైల నుంచీ మనుషుల్ని తినేస్తోంది. ఎన్ని బృందాలు వచ్చి నీళ్ళూ మట్టీ రక్తమూ తీసుకెళ్ళినా, అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఈ జబ్బు చివరిదాకా నొప్పి పుట్టించదు. కిడ్నీల పనితనం దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) కూడా మామూలుగానే కనబడొచ్చు. కాళ్ళు వాచి, ఆకలి చచ్చి, ఆయాసంతో మన దగ్గరికి వచ్చేసరికి చేయగలిగింది తక్కువ. అంటే బాగున్న మనిషినే వెతికి పట్టుకోవాలి. "నాకేటి రోగం లేదు గదా, రగతం ఎందుకు తీస్తన్నారు?" అని ఎదురు ప్రశ్న వేసేవాణ్ణి ఒప్పించాలి. ఆ పని ఆసుపత్రి గోడల మధ్య జరగదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు, హిరమండలం నుంచి మంచినీళ్ళూ ఉద్దానానికి తెచ్చారు. రెండూ కావలసినవే. కానీ జబ్బు మొదటి మెట్టు మీద ఉన్న మనిషి ఆసుపత్రికి తనంతట తాను రాడు. ఆ మెట్టు దగ్గర నిలబడేది మీరు.

ఇదే చోట ఒక జాగ్రత్త. క్రియాటినిన్ ఒకసారి కాస్త ఎక్కువ వచ్చిందని ఎవరికీ "నీకు కిడ్నీ జబ్బు" అని చెప్పకండి. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించి, అప్పటికీ అలాగే ఉంటేనే ఆ మాట. ఉద్దానంలో ఆ మాట విన్నరోజే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, పెళ్ళి సంబంధాలు ఆగిపోతాయి. కబురు ఎలా చెప్పాలో కూడా వైద్యంలో భాగమే.

ఇంటింటి జ్ఞానం ఎంత పనికొస్తుందో నాకు బాగా తెలిసొచ్చింది తిత్లీ తుపానుకి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస చెట్లు రోడ్లకి అడ్డంగా పడి ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఏ ఊళ్ళో ఎవరికి నెలలు నిండాయి, డయాలసిస్‌కి ఎవరు ఏ రోజు వెళ్ళాలి అన్నది ఏ కంప్యూటరూ చెప్పలేకపోయింది. ఆశాల దగ్గర నోటు పుస్తకాలున్నాయి. కొందరికి పుస్తకం తడిసిపోయినా నోటికి తెలుసు. ఏ ఇంటికి ముందు మంచం మోసుకెళ్ళాలో వాళ్ళే కుర్రాళ్ళకి చూపించారు. తమ ఇళ్ళ రేకులు ఎగిరిపోయి ఉండగా ఆ పని చేశారు వాళ్ళు. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇల్లిల్లూ తిరిగే వైద్యం మన ఒక్కచోటే లేదు. బ్రెజిల్ దేశం 1991లో ఊరి ఆరోగ్య కార్యకర్తల్ని పెట్టి, 1994లో దాన్ని కుటుంబ ఆరోగ్య పథకంగా మార్చింది. మూడు నాలుగు వేల మందికి ఒక బృందం: ఒక డాక్టరు, ఒక నర్సు, సహాయకులు, అదే వాడకి చెందిన కార్యకర్తలు. ఒక్కో కార్యకర్త సుమారు 150 కుటుంబాల్ని చూసుకుంటూ నెలకొకసారైనా ప్రతి గడపా తొక్కుతుంది, జబ్బు ఉన్నా లేకున్నా. 1990 నుంచి 2002 దాకా అక్కడి లెక్కలు చూసినవాళ్ళు, పథకం పది శాతం ఎక్కువ మందికి చేరితే శిశుమరణాలు 4.5 శాతం తగ్గినట్టు కనుగొన్నారు. అక్కడా లోపం ఉంది. మారుమూలకి డాక్టర్లు వెళ్ళలేదు. 2013లో క్యూబా నుంచి డాక్టర్లని రప్పించుకున్నారు, 2018 చివర్లో వాళ్ళు వెనక్కి వెళ్ళిపోతే ఎన్నో ఊళ్ళలో కుర్చీలు ఖాళీ అయ్యాయి. కార్యకర్తలు మాత్రం ఊళ్ళోనే ఉన్నారు. మన దగ్గర జరుగుతున్నదీ దాదాపు అదే.

మన పథకం పేరులో డాక్టరు ఉన్నాడు. కానీ ఒక ఊరికి ఒకే డాక్టరు రెండేళ్ళు వరుసగా వస్తే అది అదృష్టం. ఎంబీబీఎస్ అయి వచ్చిన పిల్లలు పీజీ సీటు రాగానే వెళ్తారు. వెళ్ళాలి కూడా, వాళ్ళని తప్పుపట్టను. బదిలీలు, డిప్యుటేషన్లు, కోర్టు పనులు, వీఐపీ డ్యూటీలు ఉండనే ఉంటాయి. ఇద్దరు డాక్టర్లలో ఒకరు లేరంటే మొదట ఆగేది ఊరికి వెళ్ళే బండి డ్యూటీయే. ఈ-సంజీవనిలో డాక్టరుతో ఫోన్లో మాట్లాడించే సౌకర్యం 2019 నవంబరు నుంచి ఉంది. మందు మార్చాలా వద్దా అన్నంతవరకు అది బాగా ఉపయోగపడుతుంది. పొట్ట మీద చెయ్యి వేసి చూడాల్సిన చోట ఉపయోగపడదు. ఆచరణలో ఊళ్ళోవాళ్ళకి ఫ్యామిలీ డాక్టరు మీరే అవుతారు. ఆ బరువుకి తగ్గ అధికారం, జీతం మీకు ఇవ్వలేదు. ఇది న్యాయం కాదని నేను సర్వీసులో ఉండగా మీటింగుల్లోనూ చెప్పాను.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. జీడి తోటలో పనిచేసే యాభై ఏళ్ళాయన. మేమే కనిపెట్టి, మేమే విశాఖలో ఒక పెద్దాసుపత్రికి పంపాం. క్రియాటినిన్ 3.2, అంటే ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. అక్కడ మంచి వైద్యమే చేశారు, పది రోజులుంచి పంపించారు. డిశ్చార్జి కాగితం మీద నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు వాడకూడదని స్పష్టంగా రాశారు, ఇంగ్లీషులో. ఆ కాగితం ఆయన ఇంట్లో చూరుకి వేలాడే గుడ్డసంచిలోకి వెళ్ళింది. ఆయన ఊరికి తిరిగొచ్చినట్టు మా ఏఎన్ఎంకి తెలిసేసరికి నెలన్నర అయింది. ఈలోపు మోకాళ్ళ నొప్పులకి దగ్గర్లో ఒకరి దగ్గర వారానికి రెండు సూదులు, రోజూ డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్ర. మళ్ళీ పరీక్ష చేయిస్తే 6 దాటింది. తర్వాత డయాలసిస్ మీదే ఉన్నాడు. ఆసుపత్రివాళ్ళు తమ పని చేశారు, మేము మా పని చేశామనుకున్నాం. మధ్యలో ఒక్క ఫోన్‌కాల్ లేకపోయింది. ఆ ఇంటికి వారం లోపు వెళ్ళి ఉంటే సంచీలో కాగితం తీసి చదివేవాళ్ళం. ఆ తప్పులో నా వాటా నేను మోస్తూనే ఉన్నాను.

అందుకే చేరిన మొదటి వారంలో మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊళ్ళ నుంచి గడిచిన ఆరు నెలల్లో పై ఆసుపత్రులకి వెళ్ళినవాళ్ళ పేర్లు ఆశాల దగ్గర రాయించుకోండి. ఆ ఇళ్ళకి వెళ్ళి ఆసుపత్రి కాగితాలు అడగండి. ప్రతి కాగితంలో మూడు విషయాలు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి గోడకి అంటించండి: వేసుకోవాల్సినవి, వేసుకోకూడనివి, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి. ఊళ్ళో సూది వేసే ఆర్‌ఎంపీని శత్రువుగా చూడకండి. రాత్రి పదకొండింటికి జనం తలుపు కొట్టేది ఆయన ఇంటికే. "ఈ ఇళ్ళవాళ్ళకి నొప్పి ఇంజెక్షన్ వద్దు బాబూ, కిడ్నీలు పాడవుతాయి" అని పేర్ల చీటీ చేతికిచ్చి చెప్పండి. నేను అడిగినవాళ్ళలో సగం మందికి పైగా విన్నారు.

మగవాళ్ళు దొరకరు. ఇది పథకం రాసినవాళ్ళు బహుశా ఆలోచించని లోపం. కుటుంబాన్ని లెక్కగట్టే పట్టికలో ఇంటి పెద్ద పేరు ఉంటుంది, మనిషి హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టడం పనిలో ఉంటాడు. తీరం ఊళ్ళలోవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి వెళ్ళి, అక్కడ నిషేధం మొదలయ్యే జూన్ ప్రాంతంలో వస్తారు. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగర్ చూడాలని లక్ష్యం. చూస్తున్నది మాత్రం ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళకి, ముసలివాళ్ళకి. ఉన్న మగవాళ్ళు కూడా, పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు కూడా, క్లినిక్ తెరిచే తొమ్మిదికి పనిలో ఉంటారు, మూసే నాలుగుకి ఇంకా పనిలోనే ఉంటారు. కూలి పోగొట్టుకుని ఉచిత పరీక్షకి రమ్మంటే అది ఉచితం ఎలా అవుతుంది?

యాప్‌ల సంగతి మీకు త్వరలోనే తెలుస్తుంది. ఒకే మనిషి బీపీ మూడు చోట్ల ఎక్కించాలి. నెట్ అందని ఊళ్ళో ఆశాలు సాయంత్రం గట్టెక్కి ఫోన్ పైకెత్తి పట్టుకోవడం చూశాను. ఫొటో అప్‌లోడ్ అయితేనే ఇంటికి వెళ్ళినట్టు లెక్క కాబట్టి, ఇంట్లో కూర్చుని మాట్లాడే పది నిమిషాలు గుమ్మం ముందు నిలబడి ఫొటో తీసే రెండు నిమిషాలకి కుదించుకుపోతున్నాయి. పెద్దాయన బిళ్ళ సగం విరిచి భార్యకి పెడుతున్న సంగతి ఆ రెండు నిమిషాల్లో బయటపడదు. రికార్డు అక్కర్లేదని నేననను. ఒక్కచోట ఎక్కిస్తే అందరికీ కనిపించాలి, పైన చెప్పిన డిశ్చార్జి కాగితంతో సహా. నేను ఉన్నన్నాళ్ళూ సమాచారం కింది నుంచి పైకే ప్రవహించింది.

మందుల గురించి చిన్నగా కనిపించే పెద్ద విషయం: బిళ్ళ రంగు. మన జనం మందుని రంగుతో గుర్తుపెట్టుకుంటారు. కంపెనీ మారి తెల్ల బిళ్ళ గులాబీ బిళ్ళగా వస్తే "ఇది నాది కాదు" అని పక్కన పెట్టేస్తారు, లేదా రెండూ వేసుకుంటారు. స్టాకు నెల చివర్లో పదిరోజులు లేకపోతే, ఆ పదిరోజులు మందు మానేసినా ఏమీ కాలేదని ధైర్యం వచ్చేస్తుంది. బీపీ మందు మానేసిన పదో రోజు ఏమీ తెలియకపోవచ్చు. పదో నెలలో పక్షవాతం రావచ్చు. కాబట్టి ఇండెంట్ (మందులు కావాలని పంపే చీటీ) నెలాఖరుదాకా ఆపకండి, రంగు మారిన రోజు ఒక్కొక్కరికీ నోటితో చెప్పండి.

ఆశాల జీతం 2019లో పదివేలు అయింది. 2025లో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవులు ప్రకటించడం సంతోషం. అయినా వాళ్ళని ఇంకా గౌరవవేతనం మనుషులుగానే చూస్తున్నాం, రాత్రి కాన్పుకి మాత్రం ఉద్యోగిలా పిలుస్తున్నాం. మీరు వయసులో చిన్నవారైనా హోదాలో వాళ్ళకి పైన ఉంటారు. "అప్పా" అని, అంటే అక్కా అని, పిలిచి పని అడగండి, పేరు పెట్టి పిలవకండి.

కొండల మీద కథ వేరే. సాలూరు, గుమ్మలక్ష్మీపురం వైపు, అంటే 2022 దాకా విజయనగరంలో ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యంలో కలిసిన ఊళ్ళలో, బండి వెళ్ళని గూడేలు ఇంకా ఉన్నాయి. డోలీ కట్టి గర్భిణిని దించాల్సిన చోట నెలకి రెండుసార్లు వచ్చే బండి లెక్క సరిపోదు. నెలలు నిండేముందే కిందికి తెచ్చి సాలూరు లాంటి చోట గర్భిణుల వసతి గృహంలో ఉంచడమే అక్కడ నాకు తెలిసిన మంచి ఉపాయం. మీకు వచ్చింది మైదానం పోస్టింగ్ కాబట్టి ఇంతటితో ఆపుతాను.

మీ మావయ్యకి ఇలా చెప్పండి: బీపీ బిళ్ళ ఇవ్వడం రెండు నిమిషాల పనే. ఎవరు దాన్ని వేసుకోవడం లేదో, ఎందుకు వేసుకోవడం లేదో కనుక్కోవడానికి ఏళ్ళు పడుతుంది, దానికే మీ చదువు కావాలి.

చివరిగా సెలవుల సంగతి. వలస వెళ్ళినవాళ్ళంతా సంక్రాంతికి దిగుతారు. పలాసలో, సోంపేటలో రైళ్ళ నుంచి సంచులతో దిగేవాళ్ళని చూస్తే ఏడాదంతా మీ రిజిస్టరులో "ఊళ్ళో లేరు" అని రాసిన పేర్లన్నీ నడిచి వస్తున్నట్టుంటుంది. సరిగ్గా ఆ వారమే మనం అందరం సెలవు పెడతాం. నేనూ చాలా ఏళ్ళు పెట్టాను. చివరి మూడేళ్ళు మానుకుని, భోగికి ముందు రోజూ కనుమ మర్నాడూ పొద్దున ఆరింటికే రామకోవెల అరుగు మీద కూర్చుని బీపీ, షుగర్ చూసి, అవసరమైనవాళ్ళకి క్రియాటినిన్‌కి రక్తం తీయించాను. ఏడాది పొడవునా దొరకని మగవాళ్ళు ఆ రెండు పూటల్లో వరసలో నిలబడ్డారు. పండక్కి మీ అమ్మగారింటికి ఒక రోజు ఆలస్యంగా వెళ్ళండి. ఊళ్ళోంచి తిరిగి బండెక్కేలోపు రిపోర్టు వాళ్ళ చేతికి అందాలి కాబట్టి, ల్యాబ్ టెక్నీషియన్‌తో డిసెంబరులోనే మాట్లాడిపెట్టుకోండి.